పట్టీ వేసిన చోటి పక్కనే మళ్లీ ఎందుకు పగులుతుంది?

పోయిన వానాకాలం హైదరాబాద్ బాలానగర్‌లో ఒక షెడ్డులో ట్రయంఫ్ టీఆర్6 అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూశాను. వెనక చక్రాల మధ్య ఉండి ఇంజిన్ బలాన్ని రెండిటికీ పంచే డిఫరెన్షియల్‌ను మోసే అడ్డదూలానికి ఎవరో కొన్నేళ్ల కిందట అరచేయంత ఇనప పట్టీ వేశారు. ఆరు మిల్లీమీటర్ల మందం, నాలుగు వైపులా నిండుగా వెల్డింగు. చూడ్డానికి కోటగోడలా ఉంది. ఆ పట్టీ అంచు దాటగానే, వెల్డింగు ఆగిన గీతను ఆనుకుని, వెంట్రుకంత సన్నని కొత్త పగులు అంగుళంన్నర పాకింది.

కారు సొంతదారు నా పక్కనే గొంతుక్కూర్చుని, "గట్టిగనే ఏశిండన్నా, లారీకి ఏసినట్టే ఏశిండు" అన్నాడు. ఆ మేస్త్రీ పనితనం మీద ఆయనకు గౌరవం. నాకూ ఉంది, ఎందుకంటే వెల్డింగు వరస నిజంగా చక్కగా ఉంది. కానీ "లారీకి వేసినట్టు" అన్న ఆ ఒక్క మాటలోనే జరిగిన తప్పంతా ఉంది. పాత స్పోర్ట్స్ కార్లు ఇష్టంగా పెట్టుకునేవాళ్లు మన ఊళ్లో పెరుగుతున్నారు. వాటి ఛాసీలకు లారీ వైద్యం చేయిస్తున్నారు. అందుకే ఈ వ్యాసం.

లారీ ఛాసీ మందపాటి చానెల్. దాని మీద ఆరు మిల్లీమీటర్ల ప్లేటు వేస్తే రెండూ ఒకే జాతివి, కలిసి వంగుతాయి. టీఆర్6 లాంటి కారు ఛాసీ మాత్రం సుమారు రెండు మిల్లీమీటర్ల రేకును మడిచి, అతికి చేసిన పెట్టె. ఆ పలుచని రేకు మీద మందం పట్టీ వేస్తే పట్టీ ఉన్నంత మేరా ఛాసీ అసలు కదలదు. కదలాల్సిన కదలికంతా పట్టీ అంచు దగ్గరికి వచ్చి పోగవుతుంది. అక్కడే వెల్డింగు వేడికి రేకు గుణం మారి ఉంటుంది, అక్కడే వెల్డింగు చల్లారుతూ గుంజిన గుంజుడు లోపల మిగిలి ఉంటుంది. మూడు ఇబ్బందులూ ఒకే గీత మీద కూర్చున్నాక పగులు ఇంకెక్కడ పుడుతుంది?

ఇనుము ఎందుకు అలసిపోతుందో ముందు చెప్పుకోవాలి. సెంట్రింగ్ పనివాళ్లు బైండింగ్ తీగను కట్టర్ లేకుండా తెంపడం చూసే ఉంటారు. అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే తెగుతుంది. లోహపు అలసటకు అందరూ చెప్పే ఉదాహరణ ఇదే. కానీ ఛాసీ విషయంలో ఇది కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. తీగను మనం కంటికి కనిపించేంత వంచుతాం. ఛాసీ అంత వంగదు. దాని మీద పడే బరువు, అది ఒక్కసారిలో తట్టుకోగల బరువులో చిన్న భాగం. అయినా లక్షలసార్లు పడితే పగులుతుంది. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజిన్ ఇరుసు ఇలాగే విరిగి ఘోర ప్రమాదం జరిగింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో జర్మన్ రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి ఒక సంగతి తేల్చాడు: ఇనుము ఆయుష్షును ముఖ్యంగా నిర్ణయించేది ఒక్కసారి పడే పెద్ద బరువు కాదు, ఎక్కీ దిగీ మారుతూ ఉండే బరువులోని తేడా.

నునుపైన ఉక్కు కడ్డీకి ఒక వరం ఉంది. తేడా ఒక హద్దు దాటనంత కాలం, అంటే సుమారు దాని తెగే బలంలో సగం లోపల, అది కోట్లసార్లు తట్టుకుంటుంది. వెల్డింగు పడిన చోట ఆ వరం చాలావరకు పోతుంది. వెల్డింగు అంచు కలిసే మూలలో కంటికి కనిపించని సన్నని గీతలు మొదటి రోజు నుంచే ఉంటాయి. పగులు పుట్టడానికి సమయం అక్కర్లేదు, పెరగడానికే ఆయుష్షంతా ఖర్చవుతుంది. ఇంకో విడ్డూరం, అక్కడ ఖరీదైన గట్టి ఉక్కు వాడినా పెద్దగా లాభం లేదు. "మంచి స్టీలు వేశాం సార్" అనే భరోసా ఇక్కడ పనిచేయదు.

ఈ పెరుగుదలకు ఒక లెక్క ఉంది. వెల్డింగు అతుకుల ఆయుష్షు ఒత్తిడి తేడాకు ఘనంలో తగ్గుతుంది. తేడా రెండింతలైతే ఆయుష్షు ఎనిమిదో వంతు. అదే తేడాను ఐదో వంతు మాత్రమే తగ్గించగలిగితే ఆయుష్షు దాదాపు రెట్టింపు. మరమ్మతు చేసేవాడు ఈ రెండో సంగతిని గుండెలో పెట్టుకోవాలి. మూలను కొంచెం గుండ్రం చేయడం, అరిగిన రబ్బరు బుష్ మార్చడం లాంటి చిన్న పనులే ఏళ్లు కలుపుతాయి. అదే లెక్క ఎదురు తిరిగితే కారుకు వెడల్పాటి కొత్త టైర్లు, గట్టి స్ప్రింగులు వేసి మురిసిపోయేవాళ్లకు ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఛాసీకి వంగడం కన్నా మెలిపడటం పెద్ద శత్రువు. మన కాలనీ రోడ్ల మీద స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా దాటిన ప్రతిసారీ ఒక ముందు చక్రం లేస్తుంది, మిగతావి నేల మీదే ఉంటాయి, మధ్యలో ఛాసీ తడిగుడ్డలా మెలిపడుతుంది. క్యాలెండర్లు చుట్టిపెట్టే అట్ట గొట్టం ఒకటి తీసుకుని రెండు చేతులతో మెలిపెట్టి చూడండి, కదలదు. దాన్ని బ్లేడుతో నిలువునా ఒక్క చీలిక చీల్చి మళ్లీ మెలిపెట్టండి, కాగితంలా తిరుగుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న ఉక్కు గొట్టానికి లెక్క కడితే, చీల్చకముందు దాని మెలి బిగువు, అంటే మెలిపడకుండా నిలిచే గుణం, చీల్చాక ఉన్నదానికి 400 రెట్లకు పైగానే. పెట్టె ఛాసీ అతుకు వెంబడి పొడుగ్గా విడిపోతే, కారు నిలబడే ఉంటుంది, తలుపులూ పడతాయి, కానీ బిగువు చాలావరకు పోతుంది. ఆ పని పక్క అతుకుల మీద పడి వాటినీ తినేస్తుంది.

ఇప్పుడు ఆ టీఆర్6 దగ్గరికి వద్దాం. 1965లో వచ్చిన టీఆర్4ఏ నుంచి 1976లో ఆగిపోయిన టీఆర్6 దాకా ఈ కార్లకు ఒక పేరుమోసిన జబ్బుంది. డిఫరెన్షియల్ నాలుగు పిన్నుల మీద రబ్బరు బుష్‌లతో ఛాసీకి వేలాడుతుంది. వాటిలో ముందువైపు కుడి పిన్ను చుట్టూ రేకు ముందుగా చిరుగుతుంది. ఆ ఒక్క పిన్నే ఎందుకు? ఇంజిన్ తిప్పే బలం ప్రొపెల్లర్ షాఫ్ట్ గుండా వచ్చి డిఫరెన్షియల్ పెట్టెను కూడా తనతో పాటు తిప్పాలని చూస్తుంది. వెనక నిలబడి చూస్తే ఆ తిరుగుడు గడియారానికి ఎదురు దిశ, కాబట్టి కుడివైపు పైకి లేస్తుంది. చక్రాలను ముందుకు తోసేటప్పుడు ఎదురుబలంగా డిఫరెన్షియల్ ముక్కు కూడా పైకి లేవాలని చూస్తుంది. కుడివైపు లేపు, ముందువైపు లేపు, రెండూ కలిసేది ముందు కుడి పిన్ను దగ్గర. క్లచ్ వదిలిన ప్రతిసారీ ఈ గుంజుడే. రబ్బరు గట్టిపడిపోయి ఉంటే అది గుంజుడు కూడా కాదు, సుత్తి దెబ్బ. క్లచ్ వదలగానే వెనక నుంచి "టక్" మని వినిపిస్తే రేడియో సౌండు పెంచకండి, కిందకి దిగి చూడండి.

నేను ఈ వివరం ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. పగులు ఎక్కడ వచ్చిందో తెలిస్తే సరిపోదు, ఏ బలం ఏ దారిన వచ్చి అక్కడ చేరిందో తెలియాలి. ఆ దారి తెలిసినవాడు అరచేయంత పట్టీ వేయడు. పిన్ను కూర్చునే తెరిచిన మూలను పక్క రేకులతో మూసి పెట్టెలా చేస్తాడు, బుష్‌లు మారుస్తాడు. బలం ఒకే అంచు మీద కాకుండా నాలుగు గోడలకూ పంచుకుపోతుంది.

మిగతా కార్లకు వాటి వాటి చోట్లున్నాయి. 1962 నాటి లోటస్ ఎలాన్‌కు మధ్యలో వెన్నెముకలాంటి రేకు ఛాసీ, మీద ఫైబర్ బాడీ. దాని ముందు అడ్డదూలం లోపలి ఖాళీయే హెడ్‌లైట్లు లేపే వాక్యూమ్ ట్యాంకు. లోపల చేరిన తేమ లోపలే తింటుంది, బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. 1962లోనే వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ది మన పెద్దవాళ్లకు తెలిసిన ఛాసీయే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసీనే పొట్టిచేసి, పక్క చట్రాలు తీసేసి చేశారు. తీసేసిన ఆ చట్రాల పనిని తలుపుల కింద పొడుగ్గా ఉండే రేకు పెట్టెలు చేస్తాయి. హెరాల్డ్ మీద చేయి తిరిగిన మెకానిక్‌కు స్పిట్‌ఫైర్‌లో అవి అలంకారంలా కనిపించవచ్చు. అవి కుళ్లితే ఛాసీ సగం పోయినట్టే.

తనిఖీ సంగతికి వస్తే, అందరూ చేసే మొదటి తప్పు కారును శుభ్రంగా వాటర్ సర్వీసింగ్ చేయించి తీసుకురావడం. కడగకముందు చూడాలి. పగులు లోపల రెండు అంచులూ ఒరుసుకుని పుట్టిన ఎర్రటి పొడి, వాన తర్వాత రంగు మీద కారిన తుప్పు చార, బోల్టు చుట్టూ కుంకుమలాంటి ధూళి, ఇవన్నీ ఛాసీ తనంతట తాను రాసిపెట్టిన ఆనవాళ్లు. నీళ్లు కొడితే అన్నీ పోతాయి. ముందు ఫొటోలు తీయండి. తర్వాత ఒక మూల జాకీ పెట్టి లేపుతూ తలుపు సందులు చూడండి. పై సందు ఇరుకై కింద సందు వెడల్పైతే ఛాసీ ఎక్కడో మడతపడుతోంది. జాకీ బరువు మీద ఉన్నప్పుడు మూసుకున్న పగులు నోరు తెరుస్తుంది కూడా.

ఆ తర్వాతే కడుగుడు, రంగు తీయుడు. ఇక్కడ శాండ్ బ్లాస్టింగ్ చేయించాలనిపిస్తుంది, వైరు బ్రష్ గ్రైండర్‌కు తగిలించాలనిపిస్తుంది. పగులు వెతికే చోట ఆ రెండూ వద్దు. ఇసుక దెబ్బలకు, తీగల రాపిడికి పైపొర లోహం సాగి పగులు నోటిని పూడ్చేస్తుంది. తర్వాత ఏ పరీక్ష చేసినా ఏమీ కనపడదు. రంగు కరిగించే మందు పూసి, చెక్కతో గీకి, థిన్నరుతో తుడవడమే మంచిది. ఆలస్యమవుతుంది, అవనివ్వండి.

పాతకాలం మేస్త్రీలు కిరోసిన్ పూసి, తుడిచేసి, మీద సుద్దపొడి చల్లేవారు. పగుల్లో దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి తడిగీత తేలేది. నేటి డై పెనెట్రెంట్ పరీక్ష అదే తెలివికి మెరుగు. మూడు డబ్బాలు: శుభ్రం చేసేది, ఎర్ర రంగు, తెల్ల పొడి. ఎర్ర రంగు చల్లి పది నుంచి ఇరవై నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత క్లీనర్‌ను నేరుగా ఛాసీ మీద కొట్టకూడదు, పగుల్లోని రంగు కూడా కొట్టుకుపోతుంది. గుడ్డకు అద్ది, ఆ గుడ్డతో తుడవాలి. అప్పుడు తెల్లది పలుచగా చల్లి పది నిమిషాలు ఓపిక పడితే, పగులుంటే ఎర్రగీత తనే పైకి ఊరుతుంది. మామూలు ద్రవాలు 5 నుంచి 52 డిగ్రీల లోహపు వేడికి ఉద్దేశించినవి. మే నెల ఎండలో ఆరుబయట నిలిపిన ఛాసీ అంతకు మించి కాలుతుంది, రంగు లోపలికి దిగకముందే ఎండిపోతుంది. మన ఊళ్లో ఎండాకాలం ఈ పరీక్ష ఉదయం పూట, నీడలో చేయాల్సిందే.

ఉక్కుకు అంతకన్నా నమ్మకమైనది అయస్కాంత పరీక్ష. రెండు కాళ్ల విద్యుత్ అయస్కాంతాన్ని ఆనించి సన్నని ఇనప రజను చల్లితే పగులు మీద రజను వరస కడుతుంది. అయస్కాంత రేఖలకు అడ్డంగా ఉన్న పగులే పట్టుబడుతుంది కాబట్టి ప్రతి చోటా రెండు దిక్కుల్లో చేయాలి. ఒక దిక్కులో చూసి "ఏం లేదు" అనేవాళ్ల మాట సగమే నమ్మండి. లోపలి తుప్పుకు అల్ట్రాసోనిక్ మందం మీటరు కావాలి. రెండు మిల్లీమీటర్లుండాల్సిన గోడ ఒకటిన్నర కన్నా తక్కువ చూపిస్తే అక్కడ పగులు పూడ్చే ఆలోచన మానేసి ఆ ముక్కే మార్చాలి.

ఈ పరీక్షలు చేసే చేతులు మన ఊళ్లో కొల్లలుగా ఉన్నాయి. మౌలాలి పక్కన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, కంచన్‌బాగ్‌లో ప్రత్యేక లోహాలు చేసే మిధాని, రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, బాలానగర్‌లో విమాన భాగాలు చేసే చిన్న కార్ఖానాలు. లోహంలో పగులు వెతకడమే బతుకుగా చేసుకున్న వేలమంది ఈ ఊళ్లో పనిచేశారు, రిటైరయ్యారు, చిన్న ల్యాబులు పెట్టుకున్నారు. అంత విద్య ఉన్న ఊళ్లో డెంటింగ్ షెడ్డుల్లో ఛాసీ తనిఖీ అంటే సుత్తితో కొట్టి చప్పుడు వినడం దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ల్యాబు మనిషినీ, షెడ్డు మేస్త్రీనీ కలిపేవాడు కారు సొంతదారే.

మరమ్మతు మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసేయాలి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. ఛాసీని సమంగా స్టాండ్ల మీద నిలిపి మూల నుంచి మూలకు కర్ణాలు కొలిచి రాసుకోవాలి. వెల్డింగు చల్లారేటప్పుడు గుంజుతుంది, కొలత లేకపోతే ఎంత గుంజిందో ఎవరికీ తెలియదు.

పగులు కొసను గుర్తుపట్టాక దాన్ని దాటి కొద్ది మిల్లీమీటర్ల అవతల చిన్న రంధ్రం వేస్తారు. కనిపించే కొస అసలు కొస కాదు, అందుకే దాటి వేయాలి. ఆ రంధ్రం సూదిమొనను గుండ్రం చేసి పాకుడు ఆపుతుంది. కొంతమంది అక్కడితో పనైపోయిందనుకుంటారు. గుండ్రటి రంధ్రం అంచులో కూడా ఒత్తిడి మూడింతలుంటుంది. అది ఇంటిదాకా చేర్చే ఉపాయం మాత్రమే.

తర్వాత పగులు పొడవునా గాడి తీయాలి. పగులు పూర్తిగా పోయిందా లేదా అని మళ్లీ ఎర్రరంగు పరీక్ష చేయాలి. ఈ రెండో పరీక్షను దాదాపు ఎవరూ చేయరు, నా లెక్కలో మొత్తం పనిలో అదే ముఖ్యం. అడుగున పగులు మిగిలి ఉండగా మీద వెల్డింగు నింపితే, గాయం మానకుండా చర్మం కుట్టినట్టే. ఎర్రరంగు ఆనవాలు లేకుండా కడిగి, కొంచెం వేడిచేసి ఆరబెట్టాలి, లేకపోతే వెల్డింగులో బుడగలు వస్తాయి.

ఇంత పలుచని రేకుకు ఆర్గాన్ వెల్డింగే సరైనది. వేడి చేతిలో ఉంటుంది, కరిగేది కంటికి కనిపిస్తుంది. సీఓటూ వెల్డింగు వేగంగా నడుస్తుంది, పైకి చక్కగా కనిపిస్తూనే కింద అతుక్కోకుండా ఉండే ప్రమాదం ఎక్కువ. కొంచెం కొంచెం వేసి, పక్కకు జరిగి, చల్లారనిచ్చి మళ్లీ వేయాలి. తడిగుడ్డ వేసి చల్లార్చడం మాత్రం ఎన్నటికీ వద్దు. అయ్యాక ఉబ్బును రేకు మట్టానికి అరగదీయాలి. రాపిడి గీతలు బలం నడిచే దిక్కులోనే ఉండాలి, అడ్డగీత ఒక్కటి మిగిలినా అది కొత్త పగులుకు పునాది.

అప్పటికీ బలం చాలదనిపిస్తే పట్టీ వేయొచ్చు. నేను పట్టీకి వ్యతిరేకిని కాను. దాని మందం అసలు రేకును మించకూడదు. ఆకారం నలుచదరంగా కాకుండా రెండు కొసలా సన్నబడే పొడుగాటి ఆకులా ఉండాలి, అప్పుడు బిగువు ఒక్క గీత దగ్గర కాకుండా నెమ్మదిగా మారుతుంది. దూలం పై అంచు మీదా కింది అంచు మీదా అడ్డంగా వెల్డింగు గీత పడకూడదు, వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి ఆ రెండు చోట్లే. పక్కగోడ మధ్య భాగంలో ఒత్తిడి తక్కువ, పట్టీ అతుకులకు అదే చోటు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. 1961లో జెనీవాలో బయటపెట్టిన జాగ్వార్ ఈ-టైప్ లాంటి కార్లలో ముందు చట్రం సన్నని గొట్టాలతో చేసినది, అతుకులు ఇత్తడి జాతి లోహంతో పోసినవి. ఆ అతుకు మీద ఆర్కో ఆర్గానో కొడితే కరిగిన రాగి ఉక్కు రేణువుల సందుల్లోకి దూరి, చల్లారేలోపే కొత్త పగుళ్లు తెస్తుంది. ఈ చట్రాలు బోల్టులతో బిగించేవి. పగిలితే మార్చడమే దారి.

చట్టం సంగతీ మర్చిపోవద్దు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాన్ని నంబరులో వీఏ అక్షరాలుండే వరసలో వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అయితే ఛాసీ, బాడీ, ఇంజిన్లలో మార్పులతో కూడిన భారీ మరమ్మతులు జరిగి ఉండకూడదు. కాబట్టి పని జరిగే ప్రతి దశా ఫొటో తీసి బిల్లులతో పాటు దాచండి. ఛాసీ నంబరు చెక్కిన చోటికి గ్రైండరు పోనివ్వకండి.

ఆ టీఆర్6కు చివరికి ఏం చేశామంటే, పాత పట్టీని గ్రైండరుతో నెమ్మదిగా కోసి తీశాం. కింద పాత పగులు మూడంగుళాలుంది, గాడి తీయకుండానే మీద ప్లేటు కప్పేశారు. రెండు పగుళ్లూ తీసి, వెల్డింగు చేసి, మూలలు పక్కరేకులతో మూసి, నాలుగు బుష్‌లూ మార్చాం. కర్ణాల కొలతల్లో తేడా ఒక మిల్లీమీటరు లోపలే తేలింది. సొంతదారు నల్లటి పౌడర్ కోటింగ్ అడిగాడు. నేను ఒప్పుకోలేదు. ఆ పొర మందంగా, సాగే గుణంతో ఉంటుంది, కింద రేకు పగిలినా పైకి చెక్కుచెదరదు. పలుచగా లేత బూడిద రంగు పెయింటు వేయించాం, సన్నని తుప్పు చార కూడా దాని మీద దాగదు. 500 కిలోమీటర్లు నడిచాక కారు మళ్లీ పిట్టు మీదికి రావాలని, కడగకుండా రావాలని మాట తీసుకున్నాను.